ఎర్ర గీత కింద నాలుగు అంకెలు

రిటైర్ కావడానికి ఆరేళ్ల ముందు, అక్టోబరు నెలాఖరులో, నన్ను పుత్తూరు క్యాంపుకు వేశారు. ఉత్తర్వులో పని గురించి ఉన్నది ఒక్క వాక్యమే. స్వల్ప భూకంపనలు వస్తున్న గ్రామాల్లో నేల ఎత్తులు మారుతున్నదీ లేనిదీ తేల్చడానికి ఖచ్చితమైన లెవెలింగ్ చేసి నివేదిక పంపవలెను. నేనప్పుడు సర్వే శాఖలో ఒక లెవెలింగ్ పార్టీకి ఇన్‌చార్జిని. మా భాషలో పార్టీ అంటే విందు కాదు, రాజకీయమూ కాదు. యంత్రం చూసే ఆఫీసరు, అంకెలు రాసుకునే రికార్డరు, కర్రలు పట్టే ఇద్దరు ఖలాసీలు, యంత్రానికి ఎండ తగలకుండా గొడుగు పట్టే ఒక మనిషి, ఒక జీపు. ఆడమనిషి పార్టీ నడపడం మా శాఖలో అప్పటికి కొత్త కాదు గానీ, అందరికీ నచ్చిన సంగతి కూడా కాదు. అందువల్ల నా పనిలో వేలెత్తి చూపే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదనే పట్టుదల నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. తర్వాత జరిగినదానికి ఆ పట్టుదల కూడా ఒక కారణం.

ఊరి పేరు రాయడం లేదు. పుత్తూరుకూ నగరికీ మధ్య కొండల కింద ఉంటుందని మాత్రం చెబుతాను. పేరు రాయవద్దని ఆ ఊరివాళ్లే అడిగారు. 'ఉరిమే ఊరు' అని పేరు పడిపోయి పిల్లలకు సంబంధాలు రావడం మానేశాయట. నేను పుట్టింది నగరిలో, మరమగ్గాల ఇంట్లో. పొద్దస్తమానం దడదడలాడే నేల మీదే పెరిగినదాన్ని కాబట్టి, మొదటి రోజు ఆ ఊళ్లో నా కాళ్ల కింద నేల అదిరినప్పుడు నాకు భయం వేయలేదు. పక్క వీధిలో మగ్గం నడుస్తోందనుకున్నాను. ఆ ఊళ్లో మగ్గాలు లేవు.

అప్పటికి మూడు వారాలుగా అక్కడ అదే వరస. పెద్ద వానలు వెలిసిన నాలుగో రోజు నుంచి భూమి లోపల చప్పుడు, ఆ వెంటనే చిన్న అదురు. రోజుకు పదిసార్లు, కొన్ని రోజులు ఇరవైసార్లు. ఎవరి ఇల్లూ కూలలేదు. మంచం మీద నుంచి ఉలిక్కిపడి దూకిన ఒక పెద్దాయన మణికట్టు విరిగింది, ఆయన్ను పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు. జిల్లా అధికారుల లెక్కలో మొత్తం నష్టం అదే. మేము దిగిన మొదటి రోజు రాజమ్మ అనే పాలు పోసే ఆమె జీపుకు అడ్డం నిలబడి అడిగింది.

"లోపల ఎవరో రోలు దొర్లిస్తా ఉండారమ్మా. ఇంట్లో గిన్నెలు నిలబడ్డం లేదు. మీ కర్రలు పెట్టి సూసి, ఈడ ఉండొచ్చునా కూడదా, ఒక్క మాట సెప్పిపోండి."

చెబుతామన్నాను.

భూకంపాలంటే పెద్దది ఒకటి వచ్చి, దాని వెనక చిన్నవి రావడం మామూలు పద్ధతి. ఇక్కడ పెద్దదంటూ లేదు. అన్నీ చిన్నవే, ఒకదాని వెనక ఒకటి, వారాల తరబడి. వాన ముసురు పట్టినట్లు నేలకు ముసురు పడుతుందన్నమాట. రాతిలో ఎప్పటివో పాత పగుళ్లు ఉంటాయి. పగులుకు అటూ ఇటూ ఉన్న నేల ఒక్కోసారి గట్టిగా జారుతుంది, అప్పుడు అదురు తెలుస్తుంది. ఒక్కోసారి చడీచప్పుడు లేకుండా రోజుకు ఇంత అని జారుతుంది. ఆ నెమ్మది జారుడు మనిషికి తెలియదు, అదుర్లు పసిగట్టే యంత్రానికీ తెలియదు. నేల ఎత్తును జాగ్రత్తగా కొలిస్తేనే తెలుస్తుంది. యంత్రాలు పెట్టే శాస్త్రజ్ఞులు వేరే వచ్చి రెండు గుడిసెల్లో వాటిని పెట్టుకున్నారు. కొలిచే పని మాది.

మేము కొలిచే తీరు చదివేవారికి కొంచెం తెలియాలి. రోడ్డు వెంబడి ఒకటి ఒకటిన్నర కిలోమీటర్లకు ఒక రాతి గుర్తు ఉంటుంది, దాన్ని బెంచ్ మార్క్ అంటాం. రెండు గుర్తుల మధ్య దూరం ఒక సెక్షన్. యంత్రాన్ని మధ్యలో నిలిపి, వెనక ఒక గీతల కర్రనూ ముందు ఒక గీతల కర్రనూ చూసి, రెండు అంకెల తేడా రాసుకుని, ముందుకు జరుగుతాం. కర్ర నేల మీద నేరుగా నిలబడదు. కింద బరువైన ఇనుప పీట వేసి, దాన్ని మడమతో తొక్కి మట్టిలో దించి, పైన కర్ర నిలపాలి. ఇలా సెక్షన్ చివరిదాకా పోవడం ఒక కొలత. తర్వాత వేరే రోజు, చివరి నుంచి మొదటికి మళ్లీ కొలుచుకుంటూ రావాలి. పోకకూ రాకకూ మధ్య తేడా కందిగింజ మందానికి మించకూడదు. మించితే ఆ రెండు అంకెలనూ ఎర్ర సిరాతో కొట్టేసి, కొత్తగా పోక, రాక చేయాలి. ఎందుకు మించిందో కారణం రాయాలి. ఎర్ర గీత పడిన అంకెలు లెక్కలోకి రావు.

ఇంకో సంగతి. ఆ ఏడు మేము చేసేది పునాది కొలత. తర్వాతి ఏడు మళ్లీ కొలిచి, దానితో పోల్చి, నేల మారిందో లేదో చెప్పాలి. కొలుస్తున్నన్నాళ్లూ నేల కదలకుండా ఉంటుందని మేమే అనుకుని మొదలుపెట్టాం. నేలను ఎవరూ అడగలేదు.

మా కర్రలు పట్టే ఇద్దరిలో ఒకడు గోవిందస్వామి. తిరుపతి చుట్టుపక్కల ప్రతి మగవాణ్నీ స్వామీ అని పిలుస్తారు కాబట్టి అతని పేరులో సగం ఊరికే పోయేది, గోవిందు అనేవాళ్లం. నాకంటే నాలుగేళ్లు చిన్న. నేను నువ్వు అనేదాన్ని, అతను మేడమ్ అనేవాడు. సీజన్ ఖలాసీ అతను, అంటే వానలు వెలిశాక పనిలోకి తీసుకుని, ఎండలు ముదిరాక ఇంటికి పంపే మనిషి. అలా ఇరవై రెండు సీజన్లు చేశాడు. పర్మనెంటు చేయమని అతని ఫైలు ఆ ఏడు మొదటిసారి హెడ్డాఫీసుదాకా పోయింది. అక్కడ నుంచి ఒక్క కాగితం అడిగారు. ప్రస్తుత సీజన్‌లో పని సంతృప్తికరం అని పార్టీ ఇన్‌చార్జి ఇచ్చే సర్టిఫికెట్. పార్టీ ఇన్‌చార్జిని నేను. యాభై దాటితే ఆ ఫైలు ఇక కదలదు, అతనికి ఆ సంక్రాంతి దాటితే యాభై. ఈ సంగతి క్యాంపులో అందరికీ తెలుసు. పని మొదలైన రోజే అతను నాతో ఒకసారి అన్నాడు, "కాయితం మీ సేతిలో ఉండాది మేడమ్," అని. మళ్లీ ఎత్తలేదు.

అతని పని గురించి అబద్ధం చెప్పను. నేను చూసిన కర్ర మనుషుల్లో అతనంత నిలకడ ఉన్నవాడు లేడు. కర్ర నిటారుగా ఉందో లేదో తెలియడానికి దానికి ఒక నీటిబుడగ బిగించి ఉంటుంది. చాలామంది కర్ర పట్టుకుని బీడీ గురించి ఆలోచిస్తారు, బుడగ ఎటో పోతుంది. గోవిందు బుడగను చూస్తూ మాట్లాడేవాడు కూడా కాదు. తడి నేలలో పైమట్టి గీకేసి, గట్టి మట్టి తగిలాక పీట వేసి, మూడుసార్లు తొక్కి, కొద్దిసేపు ఆగి అప్పుడు కర్ర ఎత్తేవాడు. అలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

మొదటి తొమ్మిది సెక్షన్లు సాఫీగా సాగాయి. పదోది ఊరు దాటాక మామిడితోట మలుపు నుంచి కల్వర్టుదాకా. నవంబరు మొదటి వారంలో పోక చేశాం. వాన పడి పని ఆగింది. ఎనిమిది రోజుల తర్వాత రాక చేశాం. తేడా, ఒప్పుకునేదానికి రెట్టింపు వచ్చింది. ఎర్ర గీత కొట్టాను. వానలో నేల మెత్తబడి ఉంటుందని కారణం రాశాను. వారం తర్వాత మళ్లీ పోక, ఇంకో ఆరు రోజులకు రాక. మళ్లీ రెట్టింపు తేడా, మళ్లీ అదే వైపు. మామిడితోట గుర్తుతో పోల్చిన కల్వర్టు ఎత్తు పోకలో ఎక్కువ, రాకలో తక్కువ.

ఇలా ఒకే వైపు తేడా రావడానికి మా పుస్తకాల్లో ఒక పేరున్న కారణం ఉంది. కర్ర కింద పీట కుంగడం. పీట సరిగా తొక్కకపోతే, ముందు చూపుకూ వెనక చూపుకూ మధ్య అది కొంచెం దిగుతుంది. అప్పుడు పోయేటప్పుడు ఎత్తు ఎక్కువ తేలుతుంది, వచ్చేటప్పుడు తక్కువ తేలుతుంది. అచ్చంగా మాకు వచ్చినట్లే. పుస్తకం ఏ మాట చెప్పిందో, నా ముందు ఏ అంకెలు ఉన్నాయో, రెండూ కలిశాయి. నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఆ మధ్యాహ్నం మామిడితోట దగ్గర గోవిందును పిలిచి అడిగాను. గట్టిగానే అడిగాను. అతను నన్ను తోట కంచె దగ్గరకు తీసుకుపోయాడు. బోరు నుంచి చెట్లకు పోయే ప్లాస్టిక్ పైపు అక్కడ అతుకు దగ్గర ఊడి, రెండు కొసలూ వేలెడు ఎడంగా పడి ఉన్నాయి.

"ఈడ సూడండి మేడమ్. ఈ అతుకు పది దినాల కిందట ఏసినారంట. మళ్లా ఊడిపొయ్యింది. దానికి ముందు గూడా ఈడనే ఊడినాదంట. తోటాయన పైపును తిడతా ఉండాడు. పైపు తప్పు గాదు."

పైపు ఎండకు సాగి ఊడుతుందని చెప్పాను. నువ్వు పీట సరిగా తొక్కావా లేదా అన్నదే నా ప్రశ్న అన్నాను.

"పీట తొక్కినాకనే కర్ర ఎత్తినాను మేడమ్. ఇరవై రెండేండ్లుగా అట్లనే సేస్తా ఉండాను. నేను దించింది గాదు. కల్వర్టు పక్క నేలే దిగతా ఉండాది."

నేను నవ్వాను. చదువులేనివాడి తెలివి అనుకుని నవ్వాను. ఆ నవ్వు రికార్డరు విన్నాడు, గొడుగు మనిషి విన్నాడు, ఇద్దరూ నాతోపాటు నవ్వారు. గోవిందు కర్ర తీసుకుని జీపు వైపు నడిచాడు.

రెండుసార్లు ఎర్ర గీత పడితే మా శాఖలో విషయం పైకి పోతుంది. డైరెక్టరు గారు ఫోన్ చేశారు. కారణం రాయకుండా మూడోసారి కొలవడానికి అనుమతి ఇవ్వలేనన్నారు. కారణం రాస్తే, కారకుడి పేరు కూడా రాయాలి. నేను తమాషాకు, మా ఖలాసీ నేలే దిగుతోందంటున్నాడు సార్ అన్నాను. ఆయన కూడా నవ్వారు. "నేలకు మెమో ఇవ్వలేం కదమ్మా. ఎవరికివ్వాలో చూడండి," అన్నారు.

ఎవరికివ్వాలో చూడటానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కర్రలు రెండు, పట్టే మనుషులు ఇద్దరు. ఒకదాని తర్వాత ఒకటిగా ముందుకు పోతుంటాయి కాబట్టి కుంగింది ఏ కర్ర పీటో అంకెలు చెప్పవు. రెండో మనిషి పర్మనెంటు. ఉద్యోగుల సంఘం కార్యదర్శికి బావమరిది. అతనికి మెమో ఇస్తే పది మంది వచ్చి నా బల్ల ముందు నిలబడతారు. గోవిందుకు ఇస్తే ఎవరూ రారు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు, ఆ మొత్తినది నేనే.

మెమో ఒక పేజీ. ఇనుప పీటను స్థిరపరచడంలో అశ్రద్ధ వల్ల పదో సెక్షన్‌లో నాలుగు కొలతలు తిరస్కరించవలసి వచ్చింది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. గోవిందుకు సంతకం వచ్చు, రాయడం రాదు. అతను చెబితే రికార్డరే రాసి పెట్టాడు. అందులో ఉన్నవి రెండు వాక్యాలు: నా పనిలో తప్పు లేదు. నేల కదులుతున్నందువల్ల తేడా వచ్చినది. దాని కింద నేను 'సంజాయిషీ సంతృప్తికరముగా లేదు' అని రాసి, పైకి పంపాను. ఒక కాపీ అతని పర్మనెంటు ఫైలుకు చేరింది. సంతృప్తికరం అనే మాట రాయవలసిన చేత్తోనే లేదు అని రాశాను.

తిరుపతి నుంచి వేరే ఖలాసీని తెప్పించారు. గోవిందును ఇంటికి పంపేటప్పుడు క్యాంపులో అందరం పనిలో ఉన్నాం. అతను సామాను సర్దుకుని, రెండో కర్ర మనిషికి పీట అప్పగించి, పుత్తూరు బస్సు ఎక్కాడని తర్వాత తెలిసింది.

డిసెంబరు మొదట్లో కొత్త ఖలాసీతో పదో సెక్షన్ మూడోసారి కొలిచాం. పోక, రాక అద్భుతంగా కలిశాయి. అంత బాగా కలిసిన సెక్షన్ ఆ లైను మొత్తంలో లేదు. డైరెక్టరు గారు ఫోన్‌లో మెచ్చుకున్నారు. నా నిర్ణయం సరైనదని అంకెలే రుజువు చేశాయని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వారంలోనే ఊళ్లో జనం భయంతో వీధుల్లో వేసుకున్న మంచాలు ఇళ్లలోకి మార్చుకోవడం చూశాను. చప్పుళ్లు తగ్గాయని రాజమ్మ చెప్పింది కూడా. మంచిదే అన్నాను. మంచాలు లోపలికి పోవడానికీ మా అంకెలు కలవడానికీ సంబంధం ఉంటుందన్న ఊహ కూడా నాకు రాలేదు.

నివేదికలో పదో సెక్షన్‌కు మూడో జత అంకెలే వాడాం. పోకలూ రాకలూ అన్నీ కలిశాయి కాబట్టి, కొలిచినన్నాళ్లలో నేల ఎత్తుల్లో గుర్తించదగిన కదలిక లేదని రాశాం. అధికారులు ఊళ్లో దండోరా వేయించారు, అపోహలు నమ్మవద్దని. తర్వాతి ఏడు మళ్లీ కొలిచాం. మూడో జతతో పోలిస్తే తేడా ఏమీ లేదు. గోవిందు ఫైలు మొదటి సీజన్ ఏప్రిల్‌లోనే హెడ్డాఫీసు నుంచి తిరస్కరణతో తిరిగి వచ్చింది. పై నుంచి వచ్చిన కాగితంలో కారణం కింద మెమో నంబరు, తేదీ మాత్రమే ఉన్నాయి. అతన్ని ఆ తర్వాతి సీజన్‌కు కూడా పిలవలేదు.

నా సర్వీసు ఆఖరి ఏడాదిలో ఒక ఉత్తరం వచ్చింది. దూరంగా ఒక నగరంలో ఉన్న పరిశోధన సంస్థ నుంచి ఒక యువ శాస్త్రవేత్త రాసింది. ఉపగ్రహాలు ఒకే నేలను కొన్ని రోజులకోసారి పై నుంచి రాడారుతో చూస్తుంటాయి. రెండు చూపులను పోల్చితే నేల ఎక్కడ కొంచెం దిగిందో తెలుస్తుంది. ఆమె మా ప్రాంతపు పాత చిత్రాలన్నీ పోల్చింది. ఆ నవంబరులో, ముసురు ఉన్న వారాల్లోనే, మామిడితోట దాటాక ఒక గీత వెంబడి, కల్వర్టు వైపు నేల నెమ్మదిగా దిగి, డిసెంబరులో ఆగిపోయినట్లు ఆమెకు కనిపించింది. కానీ అదే నెలలో అక్కడే కొలిచిన మా నివేదిక కదలిక లేదంటోంది. మీ నివేదిక చూశాక మా ఫలితాన్ని మేమే నమ్మలేకపోతున్నాం, మూల కొలతలు చూపగలరా అని మర్యాదగా అడిగింది.

రికార్డు గదికి నేనే పోయి ఫీల్డ్ బుక్కు తీశాను. ఎర్ర గీత పడిన నాలుగు అంకెలను ఒక తెల్ల కాగితం మీద తేదీల వరసలో ఒకదాని కింద ఒకటి రాశాను. పోక, రాక, పోక, రాక. పక్కన ఆ రోజుల అదుర్ల లెక్క పెట్టాను. అంతే. ప్రతి అంకె దాని పైదానికంటే తక్కువ.

పీట కుంగడమే కారణమైతే రెండో పోక మొదటి పోకతో కలవాలి. ఎందుకంటే రెండూ ఒకే వైపు నడిచినవి, ఒకే తప్పు చేయాలి. మాకు రెండో పోక మొదటి రాక కంటే కూడా తక్కువ. అంటే కర్ర కాదు, పీట కాదు, మనిషి కాదు. నేలే దిగింది. ట్రైనింగ్‌కు వచ్చిన కొత్తవాళ్లకు ఈ తేడా పట్టుకోవడం బోర్డు మీద బొమ్మ గీసి నేర్పినదాన్ని నేను. ఆ నవంబరులో మాత్రం నాకు తట్టలేదు. మా ఫారంలో పోకకూ రాకకూ తేడా రాయడానికి గడి ఉంది. పోకకూ పోకకూ తేడా రాయడానికి గడి లేదు. పైగా ఎర్ర గీత పడినదాన్ని మళ్లీ చూడటం మా వృత్తిలో చేతకానితనం కింద లెక్క. దేన్ని వెతకమని నన్ను పంపారో అది నా చేతికి నాలుగుసార్లు దొరికింది. నాలుగుసార్లూ కొట్టేశాను. దానికి ఒక మనిషిని కూడా కలిపి కొట్టేశాను.

అంకెలు ఆమెకు పంపాను. ఆమె వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో నా పేరు ఉంది. మా ఆఫీసుకు నేను వేరే ఉత్తరం రాశాను. ఫలానా మెమో పొరపాటున ఇచ్చినది, తేడాకు కారణం నేల కదలిక అని ఇప్పుడు రుజువైంది, మెమోను రద్దు చేసి ఫైలును తిరిగి పరిశీలించగలరు అని. డైరెక్టరు గారు అప్పటికి మారారు. కొత్తాయన మర్యాదస్తుడు, పిలిచి కుర్చీ వేయించి, ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ, మూడు నెలల్లో రిటైరవుతున్నారు కదా అన్నారు. రెండు నెలలకు రాతపూర్వకంగా జవాబు వచ్చింది. సదరు వ్యక్తి ప్రస్తుతము ఈ శాఖలో పని చేయుట లేదు గనుక, అతనిపై గల మెమో విషయములో చర్య అవసరము లేదు. మెమో వల్ల అతను శాఖలో లేడు. శాఖలో లేడు కాబట్టి మెమో తీయరు. చదివాక నాకు ఒళ్లు మండింది. ఆ వాక్యాన్ని తప్పు పట్టే హక్కు నాకు ఎంత ఉందో కూడా గుర్తొచ్చింది.

గోవిందు అలిపిరి దగ్గర ఒక హోటలు ముందు బండ్లు నిలిపే చోటు చూసుకుంటున్నాడని తెలిసి, రిటైరైన తర్వాతి వారం పోయాను. పొద్దున పదకొండు గంటలప్పుడు. చేతిలో ఈల, మెడలో తువ్వాలు. నన్ను గుర్తుపట్టాడు. కుర్చీ ఒకటే ఉంటే నాకు వేశాడు, నేను కూర్చోలేదు. ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం. మొదటిసారి మీరు అన్నాను. అతను ఆ మాట గమనించినట్లు కనిపించలేదు. వ్యాసంలోని రంగుల పటం తీసి చూపించాను. ఉపగ్రహం గురించి నేను చెప్పబోతుండగానే అతను దాని మీద వేలు పెట్టాడు.

"ఇది మామిడితోట మలుపు గదా. ఇది కల్వర్టు."

అవునన్నాను. మీరు చెప్పిందే నిజం, తప్పు నాది అన్నాను. ఇన్నాళ్లూ మనసులో దిద్దుకున్న మాటలు ఇంకా ఉన్నాయి, అన్నీ చెప్పాను. అతను పూర్తిగా విన్నాడు.

"మెమో తీసేసినారా మేడమ్?"

లేదన్నాను. ఎందుకు తీయలేదో కూడా చెప్పాను. అతను తలూపాడు. ఆశ్చర్యపోలేదు. పటాన్ని ఇంకాసేపు చూసి, మడిచి నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"ఆ పొద్దు నేను పైపు సూపించి సెప్పింది, మీరు బుక్కులో రాసినారా?"

మా ఫీల్డ్ బుక్కులో ప్రతి పేజీకీ చివర ఒక గడి ఉంటుంది, రిమార్కులు అని. పనిలో కనిపించిన విశేషాలు అక్కడ రాయాలి. ఇరవై రెండు సీజన్లు ఆ బుక్కులు మోసిన మనిషి, చదవడం రాకపోయినా ఏ గడి ఎందుకో అతనికి తెలుసు.

రాయలేదన్నాను.

"అది రాసుంటే సాలు గదా మేడమ్. నమ్మకపోయినా పరవాలేదు. రాసుంటే సాలు."

అప్పుడే ఒక వ్యాను వచ్చి అడ్డంగా నిలబడింది. అతను ఈల ఊదుకుంటూ అటు పోయాడు. కాసేపు నిలబడ్డాను. వ్యాను తర్వాత ఇంకో రెండు వచ్చాయి. అతను మళ్లీ నా వైపు రాలేదు, నేనూ పిలవలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పిన వృత్తి పాఠం చిన్నదే, ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. పనిలో తప్పయితే నడిచిన వైపును బట్టి మారుతుంది, తేదీని బట్టి మారదు. కొలతలు పదే పదే ఒకే దిక్కుకు పోతుంటే, వాటిని కొట్టేసే ముందు తేదీల వరసలో పెట్టి చూడాలి. కర్ర పట్టినవాడు చెప్పిన మాట నమ్మినా నమ్మకపోయినా, అతని పేరుతో రిమార్కుల గడిలో రాయాలి. అది రాసి ఉంటే మెమో నిలిచేది కాదు. నిలిచినా, ఆరేళ్ల తర్వాత రద్దు చేయమని అడగడానికి ఆధారం అతని చేతిలోనే ఉండేది, నా జాలి మీద ఆధారపడవలసిన పని లేకపోయేది. ఇంటికి వచ్చాక, నా దగ్గర మిగిలిన ఆ సీజన్ బుక్కుల నకళ్లు తీసి ఆ గడి ఒక్కటే చూసుకుంటూ పోయాను. వాన, గాలి, ఎండ తీవ్రత, లారీల రాకపోకలు, గొడుగు చిరగడం, అన్నీ నా చేతిరాతలో ఉన్నాయి. మనిషి చెప్పిన మాట ఒక్కటి కూడా లేదు.